నాలుగున్నర శ్రుతిలో జెండా పద్యం

చిన్నతనంలో సంగీతం మొదలుపెట్టిన వాళ్లకు ముందు విద్య వస్తుంది, ఇష్టం తర్వాత వస్తుంది. సరళీస్వరాలు, జంటస్వరాలు, అలంకారాలు, గీతాలు దాటాక ఎక్కడో ఒక కీర్తన దగ్గర మనసు తగులుకుంటుంది. కొందరికి ఆ తగులుకోవడం జరక్కుండానే పాఠాలు ఆగిపోతాయి. అరవై దాటి మొదలుపెట్టిన వాళ్ల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. వాళ్ల దగ్గర ఇష్టం ఎప్పటినుంచో సిద్ధంగా ఉంటుంది, ఏళ్ల తరబడి ఊరి ఉంటుంది. లేనిదల్లా విద్యే. అంత ఇష్టం వెనకేసుకుని, మూడు స్వరాలు కూడా తిన్నగా పలకని చేతులతో కూర్చోవడం ఎలా ఉంటుందో నేను ఈమధ్యనే తెలుసుకుంటున్నాను.

నాకు అంత ఇష్టమైనది జెండా పద్యం. కృష్ణా జిల్లాలో పుట్టినవాళ్లకు ఏ జెండా పద్యం అని చెప్పనక్కర్లేదు. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగంలో, రాయబారం సీనులో, నిండు కౌరవసభలో కృష్ణుడు చెప్పేది. రేపు యుద్ధమంటూ వస్తే అర్జునుడి రథం ఎలా ఉంటుందో, పగ్గాలు తన చేతుల్లోకి వచ్చాక మీ మొరలు ఆలకించేవాళ్లెవరూ ఉండరని ఎలా చెబుతాడో, నాలుగు పాదాల్లో యుద్ధమంతా కళ్లకు కడుతుంది. బెదిరింపే అది. కానీ సంధి కోసం వచ్చినవాడి నోటినుంచి వచ్చిన బెదిరింపు కాబట్టి, అందులో కోపం కంటే బాధ ఎక్కువ వినిపించాలి. వినిపించిన నటుడే నిలబడ్డాడు.

ఈ పద్యం మా ఇంటి మనిషి అనిపించడానికి కారణాలు ఉన్నాయి. ఆ జంటకవుల్లో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి గారు బందరు హిందూ హైస్కూల్లో తెలుగు చెప్పారు. విశ్వనాథ సత్యనారాయణ ఆయన దగ్గర చదువుకున్నది బందరులోనే. 1967లో వచ్చిన శ్రీకృష్ణావతారం సినిమాలో ఈ పద్యానికి పెదవి కదిపిన రామారావు గారిది నిమ్మకూరు, గొంతు ఇచ్చిన ఘంటసాల గారు పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లి. ఘంటసాల గారు పుట్టింది 1922 డిసెంబరులో, రామారావు గారు 1923 మేలో. బందరు, నిమ్మకూరు, చౌటపల్లి, మూడూ మా అవనిగడ్డ నుంచి బస్సెక్కితే పూట తిరక్కుండా చేరే ఊళ్లే. కవి, నటుడు, గాయకుడు ముగ్గురూ కృష్ణ కాలవల నీళ్లు తాగినవాళ్లు.

అయితే నేను ఆ పద్యాన్ని ముందు విన్నది సినిమాలో కాదు. దివిసీమలో శివరాత్రికీ శ్రీరామనవమికీ పందిళ్లు వేసి నాటకాలు ఆడించే రోజులవి. ఉప్పెన వచ్చిన 1977 నాటికి నేను హైస్కూలు పిల్లని. రాయబారం అంటే ఒక్క కృష్ణుడు చాలడు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని వాల్‌పోస్టరు మీద వరసగా పేర్లు వేసేవాళ్లు. సీను మారితే కృష్ణుడు మారతాడు. పేరున్న నటులంతా కృష్ణ వేషగాళ్లే కాబట్టి, ఒక్కొక్కరికి ఒక్కొక్క సీను ఇచ్చి జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టేవాళ్లు. వాల్‌పోస్టరు అడుగున, అన్ని పేర్లూ అయ్యాక, చిన్న అక్షరాల్లో హార్మోనియం అని ఉండి పక్కన ఒక పేరు ఉండేది.

పిల్లలం స్టేజీ కిందే చాపల మీద కూర్చునేవాళ్లం కాబట్టి నాకు కృష్ణుడి పాదాలూ, హార్మోనిస్టు వీపూ మాత్రమే దగ్గరగా కనపడేవి. కృష్ణుడు మారినప్పుడల్లా ఆ వీపు ఒకసారి సర్దుకునేది. ఎందుకో అప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఒకరిది రెండున్నర శ్రుతి, ఒకరిది మూడు, ఇంకొకరిది నాలుగు. మైకులు సరిగ్గా లేని కాలంలో పందిరి చివరి మనిషికి వినపడాలని పెంచుకున్న గొంతులు అవి. శ్రుతి మారిందంటే హార్మోనియం మీద షడ్జమం చోటు మారుతుంది, దానితోపాటు రాగం నడిచే దారి మొత్తం మారుతుంది. అంటే అదే పద్యాన్ని, అదే రాగంలో, ఒకే రాత్రి మూడు రకాల వేళ్లతో వాయించాలి. స్టేజీ మీద కిరీటం మారడమే జనం చూశారు. కింద వేళ్లు మారడం ఎవరు చూశారు?

టీచరు ఉద్యోగం నుంచి దిగాక హార్మోనియం కొంటానంటే మా ఇంట్లో అందరూ కీబోర్డు కొనుక్కోమన్నారు. నాకు పెట్టే కావాలి. పెట్టె అనే మా స్టేజీ వాళ్లంతా అంటారు. దొరికింది పాతది, డబుల్ రీడ్‌ది. మా వైపు గాలిలో ఉప్పూ తేమా ఎక్కువ. వానాకాలం వస్తే చెక్క ఉబ్బి మెట్లు బిగుసుకుపోతాయి, నొక్కిన మెట్టు తిరిగి లేవదు, ఆ స్వరం అలా అరుస్తూనే ఉంటుంది. పైచెక్క ఊడదీసి, రెండు మెట్ల మధ్య గరుకు కాగితం పెట్టి మెల్లగా రుద్దితే గానీ దారికి రాదు. దాని లోపలి ఇత్తడి రీడ్లను ముందు చూడటం, తర్వాతే వాయించడం నేర్చుకోవడం వల్ల నాకు మేలు జరిగిందనుకుంటాను. పలుచటి ఇత్తడి నాలుకలు, గాలి తగిలితే వణుకుతాయి. అంతే, అక్కడినుంచే పద్యం రావాలి.

ఈ పెట్టె మనది కాదనే మాట చాలాకాలం నడిచింది. అలెగ్జాండర్ దెబైన్ అనే ఆయన 1842లో పారిస్‌లో పేటెంటు తీసుకున్న వాద్యం అది. అక్కడ కుర్చీ వేసుకుని కూర్చుని, కాళ్లతో గాలి కొడుతూ, రెండు చేతులతో వాయిస్తారు. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేలమీద కూర్చుని వాయించేటట్టు మార్చాడు. కాళ్ల పని ఎడమచేతికి వచ్చింది. దాంతో మెట్ల మీదికి ఒక్క చెయ్యే మిగిలింది. పియానోలో రెండు చేతులూ కలిసి నాలుగైదు స్వరాలు ఒకేసారి పలికిస్తాయి. మనకు ఒక్క స్వరం తర్వాత ఒక్క స్వరం నడిస్తే చాలు కాబట్టి ఒక్క చెయ్యి సరిపోయింది. అయినా పండితులు ఊరుకోలేదు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న గమకం ఇది పలకలేదు అన్నారు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని స్టూడియో గుమ్మం ఎక్కనివ్వలేదు. ఆ నిషేధం సడలడానికి 1971 దాకా పట్టింది. ఆ ముప్పై ఏళ్లూ మన పల్లెల్లో రాయబారాలూ హరిశ్చంద్రలూ హార్మోనియం మీదే నడిచాయి. కచేరీ చేసే గాయకుడికి తంబురా చాలు. తెల్లవార్లూ ఆరుబయట పాడే మనిషికి ఊపిరి తీసుకోవడానికి చోటు ఇచ్చే తోడు కావాలి. ఆ తోడు విలువ ఆ నిషేధం పెట్టినవాళ్లకు అందలేదనే నా నమ్మకం.

నాకు నేర్పే గురువు గారు ఆ తోడు ఇచ్చిన మనిషే. ఇక్కడికి దగ్గరలోనే ఒక లంక ఊళ్లో ఉంటారు. ఎనభై దాటినా కుడిచేతి వేళ్లు మెట్ల మీద పడ్డాక ఆ వయసు కనపడదు. నన్ను టీచరమ్మ గారూ అంటారు. మొదటి రోజు సరళీస్వరాలు చెప్పమని అడిగాను.

“ఏ పద్యం కోసం వచ్చారో చెప్పండి టీచరమ్మ గారూ. దాన్నుంచే మొదలుపెడదాం. సరళీ అయ్యాక, జంటలయ్యాక అని కూర్చుంటే ఎప్పటికయ్యేను?”

జెండా పద్యం అన్నాను. ఆయన పెట్టె నా వైపు తిప్పి, నల్లమెట్లు మాత్రమే ముట్టుకోమన్నారు. తెల్లవాటి జోలికి పోవద్దన్నారు. నాలుగున్నర శ్రుతి పెట్టుకుంటే మోహన రాగమంతా నల్లమెట్ల మీదే ఉంటుంది. మూడు నల్లమెట్ల గుంపులో స రి గ, పక్కన రెండు నల్లమెట్ల గుంపులో ప ధ. అయిదు స్వరాల రాగానికి అయిదే మెట్లు, తప్పు స్వరం పడే దారే లేదు. నా గొంతుకూ ఆ శ్రుతి నప్పుతుంది. నా ఇష్టమంతా ఆ అయిదు మెట్ల మీద ఆయన సర్దిపెట్టేశారు. షోపాన్ అనే పియానో స్వరకర్త రాసిన అభ్యాసాల్లో ఒకటి ఉంది, 1833లో అచ్చయింది. అందులో కుడిచెయ్యి దాదాపు మొదటినుంచి చివరిదాకా నల్లమెట్ల మీదే పరిగెడుతుంది. దాని ఆధార స్వరం చూస్తే మన నాలుగున్నరే. అది విన్న రోజు నాకు మోహన చుట్టం ఎవరో దూరదేశంలో కనపడినట్టు అనిపించి, మళ్లీ మళ్లీ పెట్టుకున్నాను.

మెట్లు తెలిశాయి. పద్యం మాత్రం రాలేదు. ఇక్కడే అసలు సంగతి ఉంది.

ఉద్యోగం పొడుగునా నేను పిల్లలకు ఛందస్సు చెప్పాను. జెండా పద్యం శార్దూలం. మ స జ స త త గ, పాదానికి పందొమ్మిది అక్షరాలు, పదమూడో అక్షరం యతి. బోర్డు మీద గురువులూ లఘువులూ గుర్తులు పెట్టి చూపించడానికి దీనికి మించిన ఉదాహరణ లేదు. అంటే ఆ పద్యం నా చేతికి సుద్దముక్కగా తెలుసు. నోటికీ తెలుసు, కూర కలియబెడుతూ పాడుకున్న పద్యమే. చెవికి మరీ బాగా తెలుసు. ఘంటసాల గారు ఏ మాట దగ్గర బరువు పెట్టారో, ఏ మాట తేలిగ్గా వదిలారో నిద్రలో అడిగినా చెప్పగలను. ఇన్ని తెలిసిన పద్యం మెట్ల దగ్గరికి వచ్చేసరికి నాకు కొత్తదైపోయింది. పాడేటప్పుడు గణాలు కనపడవు. పాడేవాడు గణం దగ్గర ఆగడు, అర్థం దగ్గర ఆగుతాడు. యతి స్థానం ఒక్కోసారి ఒక మాట నడుమ పడుతుంది. అక్కడ ఊపిరి తీస్తే మాట విరిగిపోతుంది. తాళం లేదు. లెక్కపెట్టుకోవడానికి ఏమీ లేదు. ఒక దీర్ఘం ఎంతసేపు ఉండాలో ఆ దీర్ఘం పలికేవాడి ఛాతీ తేల్చాలి.

అప్పుడు గురువు గారు నా కుడిచేతిని మెట్ల మీంచి తీసేయించారు. కొన్నాళ్లు ఎడమచేతి పనే. షడ్జమం ఒక్కటే పట్టుకుని, నోటితో పద్యం పాడుతూ, నా ఊపిరి ఎక్కడ తెగుతుందో అక్కడ తిత్తి కూడా ఆగేటట్టు, మళ్లీ ఎత్తుకున్నప్పుడు అదీ నాతోపాటు ఎత్తుకునేటట్టు. హార్మోనియం మెట్టును ఎంత గట్టిగా నొక్కినా శబ్దం పెరగదు. పియానోలో వేలి బరువును బట్టి శబ్దం మారుతుంది. ఇక్కడ బలమంతా గాలిదే. ఎడమచెయ్యి కాలవ లాకుల దగ్గర నీళ్లు వదిలే మనిషి లాంటిది. ఒక్కసారి వదిలేస్తే చేను మునుగుతుంది, బిగబడితే ఎండుతుంది. పద్యం చివర రాగం తీసేటప్పుడు గాలి చాలక స్వరం నీరసపడకూడదు. అలాగని ముందే కుమ్మేస్తే మాట వినపడదు. అరవై దాటిన ఊపిరితో శార్దూల పాదం మొత్తం ఒక్క గుక్కలో నేను పాడలేను. రెండుగా విరుస్తాను. ఎక్కడ విరిస్తే అర్థం చెడదో వెతుక్కున్నాను. అలా వెతికేటప్పుడే ఆ పద్యాన్ని రాసినవాళ్ల పనితనం నాకు మొదటిసారి చేతికి తగిలింది. సరిగ్గా విరవదగ్గ చోట విరవదగ్గ మాట పెట్టి ఉంచారు. ఎన్ని ఏళ్లు పాఠం చెప్పినా బోర్డు మీద అది కనపడలేదు, కనపడదు.

వేళ్ల సంగతీ చెప్పాలి. ఉంగరపు వేలు పక్క వేళ్లను వదిలి రాదు. దాని స్నాయువులు పక్కవాటితో ముడిపడి ఉంటాయని డాక్టర్లు చెబుతారు. చిన్నప్పుడు మొదలుపెట్టిన వాళ్లు ఆ ముడితోనే బతకడం నేర్చుకుంటారు. రాబర్ట్ షూమన్ లాంటి మహానుభావుడు, పియానో వాయిద్యకారుడు కావాల్సినవాడు, కుడిచేతి వేలు చెడి వాయించడమే వదిలేసుకుని స్వరరచనకు మళ్లాడు. నా ఉంగరపు వేలికి అంత పని లేదు. పంచమం నుంచి ధైవతానికి వెళ్లి వెనక్కి రావాలి, అంతే. పొద్దున్నే వేడినీళ్లలో చేతులు ముంచి కూర్చుంటే కాస్త మాట వింటుంది.

ఆలస్యంగా పూనుకున్నది నేనొక్కదాన్నే కాదు. లండన్ గార్డియన్ పత్రిక అప్పటి సంపాదకుడు అలన్ రస్‌బ్రిడ్జర్ యాభై ఆరేళ్ల వయసులో షోపాన్ మొదటి బలాడ్ నేర్చుకోవాలని పూనుకున్నాడు. చిన్నప్పుడు పియానో నేర్చుకున్న మనిషే, అయినా ఆ రచన ఆరితేరినవాళ్లకే చెమటలు పట్టిస్తుంది. రోజుకు ఇరవై నిమిషాలు, ఏడాది గడువు పెట్టుకున్నాడు. వికీలీక్స్ గొడవ వచ్చి పడిన ఏడాది అది. పత్రిక నెత్తిమీద ఉండగా ఆ ఇరవై నిమిషాలు ఎలా దక్కించుకున్నాడో 2013లో పుస్తకంగా వేశాడు. గడువు దాటింది, కానీ నలుగురి ముందు వాయించాడు. ఆయన కథ నాకు ధైర్యం ఇచ్చింది. ఒక్క దగ్గర మాత్రం నా దారి వేరు. బలాడ్‌కు పియానో ఒక్కటే చాలు, వాయించినవాడు లేచి వంగి నమస్కరిస్తాడు. హార్మోనిస్టు వాయించేది ఇంకొకరి పద్యం. పాడేవాడు లేకపోతే ఆ పని సగమే.

ఇది నాకు ఎలా తెలిసిందంటే, కొన్నాళ్లకు పద్యం మెట్ల మీద నడక పట్టింది. మొదలునుంచి చివరిదాకా ఆగకుండా వాయించి గురువు గారి వంక చూశాను.

“బానే ఉందమ్మా. కానీ పద్యం మీరే చెప్పేశారుగా. ఇంక కృష్ణుడు ఏం చెబుతాడు?”

తర్వాత ఆయన పాడుతూ నన్ను వాయించమన్నారు. ఆయన గొంతు ఇప్పుడు పోయింది, గాలిలా వస్తుంది. ఒక మాట పలికాక ఆ మాట చివరి స్వరాన్ని నేను అందుకోవాలి. ముందు పలికితే అది పెత్తనం. మరీ వెనకబడితే పాడేవాడికి అడుగున నేల ఉండదు. ఆయన ఊపిరి తీసేచోట నేను ఆ మాటనే చిన్నగా మళ్లీ అనాలి, ఆ కాస్త వ్యవధిలో ఆయన ఛాతీ నిండాలి. అది నిండిందని నా వేళ్లకు తెలియాలి, తెలిసిన క్షణాన తప్పుకోవాలి. పండితులు లేదన్న గమకం కూడా అక్కడే ఆయన చూపించారు. వెళ్లాల్సిన నల్లమెట్టుకు పక్కన ఉన్న తెల్లమెట్టును నొక్కకుండా, వేలి అంచుతో తుడిచి వెళ్లాలి. విడిగా వినపడకూడదు, అది లేకపోతే మాత్రం లోటు తెలియాలి. రిషభం మీద అలా తుడిచినప్పుడు, సంధి పొసగదని తెలిసిన కృష్ణుడి బాధ ఆ చిన్న జారుడులో ఉందని నాకు అనిపించింది. ఇన్నేళ్లూ మాటలో ఉందనుకున్న బాధ అది.

అప్పటినుంచి నా వినికిడి మారిపోయింది. పాత నాటకాల రికార్డులు పెట్టుకుంటే ఇప్పుడు నాకు ముందు పెట్టె వినపడుతుంది. డి.వి. సుబ్బారావు గారి కాటిసీను విన్నా అంతే, హరిశ్చంద్రుడు ఎక్కడ ఆగాడో కాదు, ఆగినప్పుడు పక్కనుంచి ఎవరు పట్టుకున్నారో వింటాను. ఎన్ని రికార్డుల మీద ఆ పేర్లు ఉన్నాయి? చాలావాటి మీద లేవు. నటుడి పేరు, కవి పేరు, కంపెనీ పేరు ఉంటాయి. వాల్‌పోస్టరు అడుగున చిన్న అక్షరాల్లోనైనా వేసిన పేరు క్యాసెట్టుకు ఎక్కలేదు, యూట్యూబుకు అసలే ఎక్కలేదు. మన జిల్లాలో ఏ ఊరికి వెళ్లినా ఒక ఇంటి అటక మీద పెట్టె, ఆ ఇంట్లో దాన్ని వాయించిన మనిషి జ్ఞాపకం ఉంటాయి. ఆ పేర్లు ఇప్పుడు అడిగి రాసిపెట్టకపోతే, చెప్పేవాళ్లు ఇంకెంతో కాలం ఉండరు. మన కళాశాలలూ నాటక పరిషత్తులూ పూనుకోవాల్సిన పని ఇది, నంది నాటకాల పోటీల కంటే ముందు.

కీబోర్డుల్లో ట్రాన్స్‌పోజ్ అని ఒక మీట ఉంటుంది. నొక్కితే శ్రుతి మారిపోతుంది, వేళ్లు మాత్రం పాత దారిలోనే నడుస్తాయి. స్కేల్ ఛేంజర్ పెట్టెలు కూడా ఉన్నాయి, మెట్ల వరస మొత్తం పక్కకు జరుగుతుంది. ఆ సౌకర్యం అవసరమైనవాళ్లు ఉంటారు, రోజుకో కార్యక్రమం చేసేవాళ్లకు అది అన్నం పెట్టే సంగతి. నేను మాత్రం వద్దనుకున్నాను. నాలుగున్నరలో చేయి చదునుగా, నల్లమెట్ల మీద తేలుతున్నట్టు ఉంటుంది. ఇంకో శ్రుతికి వెళ్తే చేయి లోపలికి బయటికి మెలిక తిరగాలి, ఏ స్వరం దగ్గర ఏ వేలు కష్టపడుతుందో అది మారుతుంది, దాంతో పద్యంలో నాకు వినపడే మాటలూ మారతాయి. ఆ రాత్రి చాప మీంచి చూసిన వీపు ఎందుకు సర్దుకుందో నా వీపుతో తెలుసుకోవాలని ఉంది.

అందుకే ఇప్పుడు రెండున్నర మొదలుపెట్టాం. స, ప మాత్రమే నల్లమెట్ల మీద ఉన్నాయి. రి, గ, ధ తెల్లవాటి మీద పడ్డాయి. నెలల తరబడి పోగుచేసుకున్న తోవలు ఒక్కటీ పనికిరావడం లేదు, మోహనను మళ్లీ తడుముకుంటున్నాను. నాగాయలంక వైపునుంచి ఒక కుర్రాడు కృష్ణ వేషానికి పద్యాలు నేర్చుకోవడానికి గురువు గారి దగ్గరికి వస్తున్నాడు. అతని శ్రుతి రెండున్నర. వచ్చే ఆదివారం అతను పాడేటప్పుడు నన్ను పెట్టె దగ్గర కూర్చోమన్నారు. అతను తొందర మనిషి, రెండో పాదం ఊపిరి తియ్యకుండా లాగేస్తాడని, మూడో పాదం నడుమ మాత్రం తప్పకుండా ఆగుతాడని చెప్పారు. ఆ మూడో పాదమే ఇప్పుడు సాధన చేస్తున్నాను.